వరిబీజం

వరిబీజం అనేది పురుషుల బీజకోశంలో, వృషణం చుట్టూ ఉండే పొరల మధ్య ద్రవం చేరడం వలన ఏర్పడే వాపు. దీనిని ఆధునిక వైద్యంలో హైడ్రోసిల్ అంటారు. వాడుకలో బుడ్డ అని కూడా పిలుస్తారు. ఇది ప్రపంచమంతటా కనిపించే వ్యాధి అయినప్పటికీ, ఫైలేరియా వ్యాపించిన ప్రాంతాలలో చాలా ఎక్కువగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల డెల్టా ప్రాంతం అటువంటి వాటిలో ఒకటి. వరిబీజం సాధారణంగా ప్రాణాపాయం కలిగించదు. చిన్న శస్త్రచికిత్సతో నయమవుతుంది. అయితే సిగ్గు వలన ఏళ్ళ తరబడి దాచుకోవడం, బీజకోశంలో వచ్చే ప్రతి వాపునూ వరిబీజమే అనుకోవడం, ఈ రెండూ రోగికి కీడు చేస్తాయి.

పేరు, ప్రాచీన వర్ణన

బీజం అన్న పదానికి వృషణం అన్న అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలో బీజకోశపు వాపులను వృద్ధి అన్న పేరుతో వర్ణించారు. సుశ్రుత సంహితలో ఏడు రకాల వృద్ధులను పేర్కొన్నారు. వాటిలో మూత్రవృద్ధి నేటి వరిబీజానికి, ఆంత్రవృద్ధి నేటి హెర్నియాకు దగ్గరగా ఉన్నాయి. మూత్రవృద్ధిలో వ్రీహిముఖమనే శస్త్రంతో పొడిచి, గొట్టం ద్వారా నీటిని తీసివేసే పద్ధతి కూడా ఆ గ్రంథంలో ఉంది. పేరు ఏదైనా, వరిబీజంలో చేరేది మూత్రం కాదు. మూత్రాశయానికి, ఈ ద్రవానికి సంబంధం లేదు.

శరీర నిర్మాణం

గర్భస్థ శిశువులో వృషణాలు పొట్ట లోపల తయారవుతాయి. ఇవి గర్భం చివరి నెలలలో గజ్జల గుండా బీజకోశంలోకి దిగుతాయి. దిగేటప్పుడు పొట్ట లోపలి పొరను కొంత తమతో తీసుకువస్తాయి. ఈ పొర వృషణాన్ని ముందు వైపు, పక్కల రెండు మడతలుగా కప్పి ఉంటుంది. దీనిని ట్యూనికా వజైనాలిస్ అంటారు. పొట్టతో దీనిని కలిపే సన్నని దారి పుట్టుక సమయానికి లేదా ఆ తరువాత మూసుకుపోతుంది.

ఈ రెండు మడతల మధ్య కొద్దిపాటి ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. ఊరిన ద్రవాన్ని రక్తనాళాలు, శోషరస నాళాలు పీల్చుకుంటాయి. ఊరే ద్రవం ఎక్కువైనా, పీల్చుకునే దారి దెబ్బతిన్నా అది అక్కడే నిలిచి వరిబీజం అవుతుంది.

రకాలు, కారణాలు

* పుట్టుకతో వచ్చేది: పొట్ట నుండి వచ్చే దారి మూసుకుపోకపోతే పొట్టలోని ద్రవం బీజకోశంలోకి దిగుతుంది. శిశువు ఏడ్చినప్పుడు, లేదా సాయంత్రానికి వాపు పెరిగి, పడుకున్న తరువాత తగ్గుతుంది. ఎక్కువ మంది పిల్లలలో ఇది ఏడాది లేదా రెండేళ్ళ లోపు దానంతట అదే తగ్గిపోతుంది.
* కారణం తెలియనిది: పెద్దవారిలో ఏ ఇతర వ్యాధీ లేకుండానే నెమ్మదిగా ద్రవం చేరవచ్చు.
* మరొక వ్యాధి వలన వచ్చేది: దెబ్బ తగలడం, వృషణానికి లేదా దానిని అంటి ఉండే ఎపిడిడిమిస్‌కు సూక్ష్మజీవులు సోకడం, క్షయ, వృషణ కాన్సర్ వంటి వాటి వలన చుట్టూ ద్రవం చేరుతుంది. గజ్జల ప్రాంతంలో ఇతర శస్త్రచికిత్సల తరువాత కూడా రావచ్చు.
* ఫైలేరియా వలన వచ్చేది: గోదావరి డెల్టా వంటి ప్రాంతాలలో పెద్దవారికి వచ్చే వరిబీజానికి ఇది ముఖ్య కారణం.

ఫైలేరియా వలన వరిబీజం ఎలా వస్తుంది

బోదకాలును కలిగించే పరాన్నజీవే వరిబీజాన్నీ కలిగిస్తుంది. దీని పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. దారం వంటి ఈ పురుగులో ఆడది సుమారు 80 నుండి 100 మిల్లీమీటర్లు, మగది సుమారు 40 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. ఇవి శోషరస నాళాలలో ఐదారు సంవత్సరాలు, అంతకంటే ఎక్కువ కాలం కూడా బ్రతుకుతాయి. ఆడ పురుగు కంటికి కనిపించని మైక్రోఫైలేరియాలను లక్షలలో కంటుంది. ఇవి పగలు శరీరం లోపలి రక్తనాళాలలో ఉండి, రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి.

రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమ రోగి రక్తంతో పాటు ఈ పిల్ల పురుగులను తీసుకుంటుంది. దోమ శరీరంలో సుమారు రెండు వారాలలో అవి మరొకరికి సోకగల దశకు ఎదుగుతాయి. అయితే ఒకటి రెండు దోమకాట్లతో వ్యాధి రాదు. ఫైలేరియా ఉన్న ఊరిలో నెలల తరబడి, సంవత్సరాల తరబడి కాట్లు పడినప్పుడే సాధారణంగా వ్యాధి స్థిరపడుతుంది.

పురుషులలో పెద్ద పురుగులు ఎక్కువగా బీజకోశంలోని శోషరస నాళాలలో నివసిస్తాయి. వాటి వలన ఆ నాళాలు ఉబ్బి, పీల్చుకునే శక్తిని కోల్పోతాయి. పురుగు చనిపోయినప్పుడు దాని చుట్టూ శరీరం ప్రతిస్పందించి చిన్న గడ్డ, నొప్పి, జ్వరం కలుగుతాయి. ఆ తరువాత ద్రవం చేరడం మొదలవుతుంది. అందువలన వరిబీజంతో ఆసుపత్రికి వచ్చిన వ్యక్తి రక్తంలో పురుగులు కనిపించకపోవచ్చు. రక్త పరీక్షలో ఏమీ లేదన్నంత మాత్రాన ఫైలేరియా కారణం కాదని చెప్పలేము.

ఈ పురుగు చరిత్ర వరిబీజంతోనే మొదలైంది. 1863లో పారిస్‌లో దెమార్కే అనే శస్త్రవైద్యుడు హవానా నుండి వచ్చిన రోగి వరిబీజపు ద్రవంలో మొదటిసారి మైక్రోఫైలేరియాను చూశాడు. 1866లో బ్రెజిల్‌లో వుకరర్ మూత్రంలోనూ, 1872లో కలకత్తాలో లూయిస్ మనిషి రక్తంలోనూ వీటిని కనుగొన్నారు. 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును గుర్తించాడు. పురుగు దోమలో ఎదుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ చూపించాడు.

గోదావరి డెల్టాలో

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుండి 1852 వరకు ఆనకట్ట నిర్మించిన తరువాత డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. పంట కాలువల వలననే ఫైలేరియా వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పారే నీటిలో, శుభ్రమైన నీటిలో ఈ దోమ అంతగా పెరగదు. కుళ్ళిన పదార్థాలున్న నిలవ నీరు దీనికి ఇష్టం. పూడిపోయిన మురుగు కాలువలు, ఇళ్ళ వెనుక వాడకపు నీరు నిలిచే గుంటలు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు, కొబ్బరి డొక్కలు నానే గుంటలు దీని నెలవులు. పల్లపు నేల కావడం వలన డెల్టాలో మురుగు త్వరగా పారదు. జనసాంద్రత కూడా ఎక్కువ. ఈ రెండూ కలిసి వ్యాధి వ్యాప్తికి అనుకూలించాయి.

దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. జాతీయ అంటువ్యాధుల సంస్థ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కోసం కోళికోడ్, వారణాసిలతో పాటు రాజమండ్రిలో కూడా కేంద్రాన్ని నడిపింది. ఈ సంస్థ పేరు 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా మారింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి పాత ఉభయ గోదావరి జిల్లాల నుండి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. కనుక పాత పుస్తకాలలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని ఉన్న సమాచారం ఈ కొత్త జిల్లాలకు కూడా వర్తిస్తుంది.

లక్షణాలు

వరిబీజం సాధారణంగా నొప్పి లేకుండా, నెలలు, సంవత్సరాల మీద పెరుగుతుంది. ఒక వైపు గాని, రెండు వైపులా గాని రావచ్చు. మొదట కొద్దిగా బరువు అనిపిస్తుంది. పెద్దదైన తరువాత ఈ క్రింది ఇబ్బందులు కలుగుతాయి.

* నడవడం, సైకిలు త్రొక్కడం, కొబ్బరి దింపు, వరి నాట్లు వంటి పనులు చేయడం కష్టమవుతుంది.
* పురుషాంగం వాపులో కూరుకుపోయి మూత్ర విసర్జనకు, దాంపత్య జీవితానికి ఆటంకం కలుగుతుంది.
* చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి.
* ఫైలేరియా ఉన్నవారికి అప్పుడప్పుడు చలిజ్వరం, గజ్జలలో బిళ్ళలు, బీజకోశంలో నొప్పి వస్తాయి.

గుర్తించడం

వైద్యుడు రోగిని నిలబెట్టి, పడుకోబెట్టి పరీక్షిస్తాడు. మూడు విషయాలు ముఖ్యమైనవి.

మొదటిది, వాపు పై అంచు. బీజకోశం మొదట్లో వేళ్ళతో పట్టుకున్నప్పుడు వాపు పై అంచు చేతికి అందితే అది వరిబీజం కావచ్చు. అంచు అందకుండా వాపు గజ్జలలోకి కొనసాగితే హెర్నియాను అనుమానించాలి. దగ్గినప్పుడు ఉబ్బడం, పడుకుంటే లోపలికి పోవడం కూడా హెర్నియా లక్షణాలే.

రెండవది, వెలుగు పరీక్ష. చీకటి గదిలో వాపు వెనుక టార్చిలైటు పెడితే పలుచని ద్రవం గుండా వెలుగు ఎర్రగా ప్రసరిస్తుంది. అయితే రక్తం, చీము, పాల వంటి శోషరసం చేరినా, పొర మందమైనా వెలుగు ప్రసరించదు. పసిపిల్లలలో హెర్నియా గుండా కూడా వెలుగు కనిపించవచ్చు. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు.

మూడవది, వృషణం. వరిబీజం బిగువుగా ఉంటే లోపలి వృషణం చేతికి తెలియదు. అటువంటప్పుడు అల్ట్రాసౌండ్ పరీక్ష తప్పనిసరి. ఈ పరీక్షలో ద్రవం ఎంత ఉన్నదీ, వృషణంలో గడ్డ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. బ్రతికి ఉన్న ఫైలేరియా పురుగులు శోషరస నాళంలో మెలికలు తిరగడం కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. దీనికి ఫైలేరియా నృత్యం అని పేరు.

ఫైలేరియా నిర్ధారణకు రాత్రివేళ తీసిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తారు. పురుగు ఆంటిజెన్‌ను గుర్తించే పరీక్షను పగలైనా చేయవచ్చు.

వరిబీజంగా పొరబడే వ్యాధులు

* వృషణం మెలిపడడం: వృషణానికి రక్తం తెచ్చే నాళం మెలితిరిగి రక్తప్రసారం ఆగిపోతుంది. ఎక్కువగా 12 నుండి 18 ఏళ్ళ బాలురకు వస్తుంది. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు, వృషణం పైకి లాగినట్లు ఉండడం దీని గుర్తులు. సుమారు ఆరు గంటల లోపు శస్త్రచికిత్స చేస్తే వృషణాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది. తెల్లవారే దాకా ఆగితే వృషణాన్ని కోల్పోవచ్చు.
* బిగుసుకున్న హెర్నియా: లోపలికి పోయే వాపు హఠాత్తుగా పోకుండా నిలిచి, నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం కలిగితే ప్రేగు చిక్కుకున్నట్లు. ఇది కూడా అత్యవసర స్థితి.
* వృషణ కాన్సర్: సాధారణంగా 15 నుండి 40 ఏళ్ళ వారిలో నొప్పి లేని గట్టి గడ్డగా మొదలవుతుంది. దాని చుట్టూ ద్రవం చేరి వరిబీజంలా కనిపించవచ్చు. తొలి దశలో చికిత్స చేస్తే అధిక శాతం నయమవుతుంది.
* ఎపిడిడిమిస్ వాపు: నొప్పి, జ్వరం, మూత్రంలో మంట ఉంటాయి. యాంటీబయాటిక్ మందులతో తగ్గుతుంది.
* వేరికోసిల్: సిరలు ఉబ్బి, ఎక్కువగా ఎడమ వైపు, పురుగుల మూటలా చేతికి తగులుతాయి.

హఠాత్తుగా నొప్పితో వచ్చిన వాపు, గట్టి గడ్డ, దెబ్బ తగిలిన తరువాత పెరిగే వాపు, జ్వరంతో కూడిన ఎర్రని వాపు, వీటిలో ఏది కనిపించినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు.

చికిత్స

పిల్లలలో: రెండేళ్ళ లోపు సాధారణంగా వేచి చూస్తారు. తగ్గకపోయినా, హెర్నియా తోడైనా గజ్జల దగ్గర చిన్న కోతతో పొట్ట నుండి వచ్చే దారిని మూసివేస్తారు.

పెద్దలలో: చిన్నదిగా ఉండి, ఇబ్బంది లేకపోతే, వృషణం ఆరోగ్యంగా ఉందని నిర్ధారించుకున్న తరువాత చికిత్స లేకుండా గమనించవచ్చు. ఇబ్బంది కలిగించే వరిబీజానికి శస్త్రచికిత్సే సరైన మార్గం.

సూదితో నీరు తీయడం: నీరు తీసిన వెంటనే వాపు తగ్గుతుంది గనుక రోగి తృప్తి పడతాడు. కాని ద్రవం ఊరే పొర అక్కడే ఉంది. వారాలు, నెలలలో నీరు మళ్ళీ చేరుతుంది. శుభ్రత లేని సూదితో చీము పట్టవచ్చు, రక్తస్రావం కావచ్చు, హెర్నియా ఉంటే ప్రేగుకు గుచ్చుకోవచ్చు. పలుమార్లు నీరు తీసినచోట పొరలు అతుక్కుని తరువాతి శస్త్రచికిత్స కష్టమవుతుంది. శస్త్రచికిత్సకు శరీరం సహకరించని వృద్ధులకు మాత్రమే వైద్యులు ఈ పద్ధతిని ఎంచుకుంటారు.

మందులు: ఫైలేరియాకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ పిల్ల పురుగులను, కొంతవరకు పెద్ద పురుగులను చంపుతుంది. కాని అప్పటికే పెద్దదైన వరిబీజాన్ని ఈ మందు తగ్గించలేదు. మాత్రలు వేసుకున్నా వాపు పోలేదని నిరాశ పడేవారు ఈ తేడాను గ్రహించాలి. మాత్ర వ్యాప్తిని ఆపడానికి, శస్త్రచికిత్స వాపును తీయడానికి.

శస్త్రచికిత్స: మత్తు ఇచ్చి బీజకోశంపై కోసి, ద్రవాన్ని తీసివేస్తారు. పొరను వెనుకకు తిప్పి కుట్టడం ఒక పద్ధతి. పొరను మడతలుగా కుదించి కుట్టడం మరొక పద్ధతి. ఫైలేరియా వరిబీజంలో పొరను చాలావరకు కోసి తీసివేసే పద్ధతిని ఎంచుకుంటారు. ఎందుకంటే మిగిలిన పొర నుండి నీరు తిరిగి ఊరే అవకాశం ఉంది. వృషణాన్ని తీసివేయరు. ముందుగా మధుమేహం, రక్తపోటు పరీక్షించి, చర్మంపై పుండ్లు ఉంటే వాటిని మాన్పుతారు. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలు బీజకోశానికి ఆధారమిచ్చే బిగువైన లోదుస్తులు ధరించాలి. గాయాన్ని పొడిగా ఉంచాలి. సుమారు నాలుగు నుండి ఆరు వారాలు బరువులు ఎత్తడం, చెట్లు ఎక్కడం, చెరువులోకి దిగడం మానాలి. కొంత వాపు కొద్ది వారాలు ఉండడం సహజం. వాపు వేగంగా పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కారినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఈ శస్త్రచికిత్స చేసే సౌకర్యం కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులలో ఉంది. ఉచిత వైద్య పథకాల వివరాలను ఆసుపత్రులలోని ఆరోగ్యమిత్రలను అడిగి తెలుసుకోవచ్చు.

పాలమూత్రం

ఫైలేరియా వలన వచ్చే మరొక మూత్రవ్యాధి పాలమూత్రం లేదా కైలూరియా. ప్రేగుల నుండి క్రొవ్వును మోసే శోషరస నాళాలు పొంగి, మూత్రమార్గంలోకి చిట్లుతాయి. మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. నూనె, నెయ్యి ఎక్కువగా తిన్న తరువాత తెలుపు పెరుగుతుంది. కొన్నిసార్లు గడ్డలు కట్టి మూత్రం ఆగిపోతుంది. ఎక్కువ కాలం ఉంటే మాంసకృత్తులు పోయి మనిషి చిక్కిపోతాడు. విశ్రాంతి, క్రొవ్వు తగ్గించిన ఆహారం, తగినంత నీరు, మందులతో చాలామందికి తగ్గుతుంది. తగ్గనివారికి మూత్రపిండంలోకి గొట్టం ద్వారా మందు పంపి చిట్లిన నాళాలను మూసివేస్తారు.

ఎల్లాప్రగడ సుబ్బారావు, హెట్రజాన్

ఫైలేరియాకు నేటికీ ప్రధాన ఔషధమైన డైఇథైల్‌కార్బమజైన్ గోదావరి ప్రాంతానికి చెందిన శాస్త్రవేత్త నాయకత్వంలో తయారు కావడం విశేషం. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. రాజమండ్రిలో చదువుకుని, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి, 1923లో అమెరికా వెళ్ళాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. అక్కడి బృందం 1947లో ఈ మందును వెలువరించింది. హెట్రజాన్ అన్నది దాని వాణిజ్య నామం. సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో మరణించాడు. ఆయన పుట్టిన జిల్లాలోనే ఈ మాత్రను ఇంటింటికీ పంచవలసి వచ్చింది.

నివారణ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఫైలేరియా నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రపంచంలో సుమారు 2.5 కోట్ల మంది పురుషులు ఫైలేరియా వరిబీజంతో బాధపడుతున్నారని ఆ సంస్థ అంచనా. భారతదేశంలో 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికి ఒకసారి అందరికీ డైఇథైల్‌కార్బమజైన్ పంచారు. తరువాత దానికి ఆల్బెండజోల్ జోడించారు. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి మూడు మందులు ఇవ్వడం మొదలైంది. 2027 నాటికి వ్యాధిని నిర్మూలించాలని భారత ప్రభుత్వ లక్ష్యం.

ఈ మాత్రలను ఆరోగ్యంగా ఉన్నవారు కూడా మింగాలి. ఏ లక్షణాలూ లేనివారి రక్తంలోనూ పిల్ల పురుగులు ఉండి దోమల ద్వారా వ్యాపించడమే దీనికి కారణం. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు ఇవ్వరు. మాత్ర వేసుకున్న తరువాత కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఇవి చాలావరకు రక్తంలోని పురుగులు చనిపోవడం వలన కలిగేవి. ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి.

దోమతెరలు వాడడం, మురుగు నిలవకుండా చూడడం, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వల కట్టడం, పాడుబడిన బావులలో గంబూసియా చేపలను వదలడం వలన దోమలు తగ్గుతాయి.

అపోహలు

* బరువులు ఎత్తడం వలన, చెట్లు ఎక్కడం వలన వరిబీజం వస్తుందన్నది నిజం కాదు. అటువంటి పనులతో హెర్నియా బయటపడవచ్చు.
* ఇది తాకితే అంటుకోదు. దాంపత్యం వలన భార్యకు సోకదు. తండ్రి నుండి కొడుకుకు వంశపారంపర్యంగా రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే అదే దోమల మధ్య నివసించడం కారణం.
* వరిబీజం ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. చాలా పెద్దదై, ఏళ్ళ తరబడి ఉన్నప్పుడు వృషణంపై ఒత్తిడి పడవచ్చు. చికిత్సను ఆలస్యం చేయకపోవడానికి ఇదొక కారణం.
* శస్త్రచికిత్స వలన పురుషత్వం పోదు.

సామాజిక ప్రభావం

బోదకాలు నలుగురికీ కనిపిస్తుంది. వరిబీజం పంచె చాటున ఉండిపోతుంది. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో యువకులు, నవ్వుతారన్న సంకోచంతో పెద్దలు దీనిని ఇంట్లో కూడా చెప్పరు. కూలి చేసుకునేవారికి కొన్ని వారాలు పని మానడం భారమే. కాని వాపు పెరిగిన కొద్దీ కోల్పోయే పనిదినాలు అంతకంటే ఎక్కువ. సామూహిక మాత్రల పంపిణీ కొత్త కేసులను ఆపుతుంది గాని, ఇప్పటికే వరిబీజం ఉన్నవారికి ఉపశమనం ఇవ్వదు. అందువలన వ్యాధిగ్రస్తులకు శస్త్రచికిత్స అందుబాటులో ఉంచడం కూడా ఫైలేరియా నిర్మూలనలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. గ్రామంలో ఆరోగ్య కార్యకర్త వివరాలు సేకరించడానికి వచ్చినప్పుడు వాపు సంగతి దాచకుండా చెబితే చికిత్సకు దారి ఏర్పడుతుంది.